ఏడో గడిలో డి అక్షరం

2006 జూన్‌లో నన్ను ప్రోగ్రాముల మరమ్మతు పని నుంచి తప్పించి, ప్రోగ్రాముల సోర్స్‌లో, అంటే వాటి రాతలో, కావలసిన మాట వెతికే ఇంజను తయారీ మీద వేశారు. ఆర్డరులో నా హోదా అసిస్టెంట్ ప్రోగ్రామర్. నా పైన సిస్టమ్స్ అనలిస్టు శర్మిష్ఠ, ఆమె పైన ఈడీపీ మేనేజరు. ఈడీపీ అంటే జాబితాలూ జీతాలూ కంప్యూటరు మీద నడిపే శాఖ. మాది కోల్‌కతాలో గార్డెన్ రీచ్ వైపు, ఓడల నుంచి కంటైనర్లు దింపి యార్డులో పేర్చే సంస్థ. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు.

నేను పదో తరగతితో ఆగిపోయిన మనిషిని. పుట్టింది ఖిదిర్‌పూర్‌లో. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తెలుగు రాయడం, చదవడం ఇంట్లో బైబిలు ముందు కూర్చోబెట్టి ఆయనే నేర్పాడు. డెబ్భైల చివర్లో ఈ సంస్థలో పంచ్ ఆపరేటరుగా చేరాను. అప్పట్లో ప్రోగ్రాము అంటే అట్ట కార్డుల కట్ట. ఒక్కో కార్డు ప్రోగ్రాములో ఒక్కో వరుస, దాని మీద ఎనభై గడులు. ప్రోగ్రామరు కాగితం మీద రాసిచ్చింది చూసి ఆ గడుల్లో చిల్లులు పొడవడం మా పని. కొన్నాళ్ళకి ఆ చిల్లులు ఏమంటున్నాయో నాకు అర్థం కాసాగింది. శాఖాపరీక్ష రాసి ప్రోగ్రాముల వైపు వచ్చాను. నా పేరు సువార్త. ఆఫీసులో అందరికీ శుబార్తా-ది, అంటే సువార్త అక్క.

కార్డులు పోయినా ఆ ప్రోగ్రాములు పోలేదు. కోబాల్ భాషలో రాసినవి రాసినట్టే కొత్త యంత్రంలోకి ఎక్కించారు. నేను పొడిచిన వరుసలు కొన్ని 2006లోనూ నడుస్తూనే ఉన్నాయి.

ఆ ఏడాది వచ్చిన అవసరం ఇది. ప్రమాదకరమైన సరుకున్న కంటైనరుకి మా రికార్డులో ఒక గుర్తు ఉండేది, ఒకే అక్షరం. తడి తగిలితే రాజుకునే రసాయనాలకి డబ్ల్యూ. ఓడల కంపెనీలేమో అంతర్జాతీయ అంకెలు పంపేవి. అదే సరుకుకి వాళ్ళది 4.3. ఇక మనమూ అంకెలే వాడాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంటే ఆ అక్షరాన్ని అడిగే ప్రతి వరుసనూ పట్టుకుని మార్చాలి. ఒక్క వరుస మిగిలిపోయినా అది డబ్ల్యూ కోసం చూసి, లేదనుకుని, ఆ కంటైనరును మామూలు సరుకుతో పాటు ఆరుబయట గచ్చు మీద పెట్టమంటుంది. ముందున్నది వానాకాలం. పాత కంటైనర్ల పైకప్పులు కారడం మాకు కొత్త కాదు. ఆ గచ్చు మీద పలక పట్టుకుని కంటైనర్ నంబర్లు సరిచూసే టాలీ క్లార్కుల్లో మా తమ్ముడు దానియేలు ఒకడు.

వెతకడం అంత కష్టమా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. మా దగ్గర ఒకే సంగతిని ఒక ప్రోగ్రామరు హజార్డ్‌ను కుదించి హజ్-క్లాస్ అన్నాడు, ఇంకొకడు డేంజర్-కోడ్ అన్నాడు, మరొకడు ఏమీ తోచక ఫీల్డ్-నైన్ అన్నాడు. శర్మిష్ఠ ఇంటర్నెట్‌లో ఎవరో ఉచితంగా పెట్టిన వెతికే ఇంజనును తెచ్చింది. అది ప్రతి వరుసనూ మాటలుగా కోసి, ఏ మాట ఏ ప్రోగ్రాములో ఏ వరుసలో ఉందో ముందే రాసిపెట్టుకుంటుంది. దాన్నే ఇండెక్సు కట్టడం అంటారు. తర్వాత మాట అడగ్గానే చోటు చెబుతుంది. అయితే అది కొత్త భాషల కోసం పుట్టిన ఇంజను. హజ్-క్లాస్ మధ్యలో ఉన్న గీతను తీసివేత గుర్తు అనుకుని రెండు ముక్కలు చేసేసేది. క్లాస్ అని అడిగితే కుప్పలు కుప్పలుగా వరుసలు వచ్చి పడేవి.

దాన్ని మా భాషకి అలవాటు చేయడమే మాకిచ్చిన పని. మొదట, గీత ఉన్న పేరును కోయొద్దని చెప్పాం. తర్వాత గడుల సంగతి. కోబాల్ వరుసలో మొదటి ఆరు గడులు కార్డు నంబరుకి, చివరి ఎనిమిది కట్ట గుర్తుకి. కార్డులు చేయి జారి కింద పడితే మళ్ళీ వరుసగా పేర్చుకోవడానికి పెట్టినవి అవి. వాటిని ఇండెక్సులోంచి తీసేశాం. ఇక ఎక్కువ రోజులు పట్టింది పేర్లు కలపడం. హజ్-క్లాస్‌లోది ఫీల్డ్-నైన్‌లో పెట్టు అని ప్రోగ్రాములో ఎక్కడైనా ఉంటే, ఆ రెండూ ఒకే ఇంటివని ఇంజను గుర్తుపెట్టుకోవాలి. ఒకటి అడిగితే రెండోదాన్నీ చూపాలి. శర్మిష్ఠ ఆ భాగం రాస్తుంటే నేను పక్కన కూర్చుని చూసేదాన్ని.

"పెళ్ళిలో మీ వాళ్ళు చేసే పనే కదా ఇది, దీదీ? ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చడం."

"మా వాళ్ళు ఇంత తిన్నగా తేల్చరులే, మధ్యలో రెండు పోట్లాటలు ఉంటాయి," అన్నాను.

మిగిలింది ఏడో గడి. అందులో నక్షత్రం లాంటి చుక్క గుర్తు ఉంటే ఆ వరుస వ్యాఖ్య, యంత్రం దాన్ని పట్టించుకోదు. డి ఉంటే అది ప్రోగ్రాము పరీక్షించేటప్పుడు మాత్రమే నడిచే వరుస. ప్రోగ్రాము తలలో పరీక్ష నడుస్తోందని ఒక మాట రాస్తేనే ప్రాణం వస్తుంది, లేకపోతే వ్యాఖ్యతో సమానం. కోబాల్ పుస్తకంలో ఉన్నదీ అదే. శర్మిష్ఠ ప్రోగ్రామర్లందరినీ కూర్చోబెట్టి, ఈ రెండు రకాలనూ ఇండెక్సులోంచి తీసేద్దామా అని అడిగింది. తీసేస్తే చెత్త తగ్గుతుందన్నాం. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

జులై చివరికి ఇంజను నిలబడింది. అది చూపిన వరుసలన్నీ మార్చాం. మళ్ళీ డబ్ల్యూ కోసం వెతికితే ఏమీ దొరకలేదని జవాబిచ్చింది. మేనేజరు సంతకం పెట్టారు. ఒక ఆదివారం నాడు పాత అక్షరాలు పోయి కొత్త అంకెలు వచ్చేశాయి.

ఆ వారంలోనే బంద్ ప్రకటించారు. బంద్ అంటే ఈ ఊళ్ళో బస్సు నుంచి బడ్డీ కొట్టు దాకా అన్నీ మూత. కానీ రేవులోకి వచ్చిన ఓడను నిలబెడితే రోజుకింత అని జరిమానా వాయిస్తారు. అందుకని కొంతమంది ముందు రోజే యార్డుకి వెళ్ళి, అక్కడే పడుకుని పని నడిపేవారు. బంద్‌కి రెండు రోజుల ముందు పొద్దున దానియేలు చాపా దుప్పటీ చుట్టుకుంటున్నాడు. నేను టిఫిను డబ్బా కడుతున్నాను. వాడు నన్ను పిలిచేది అప్పా అని, అంటే అక్కా అని.

"అప్పా, ఆవకాయ ఎక్కువెయ్యి. ఆ కేంటీన్ కిచిడీ గొంతు దిగదు."

"ఇప్పుడే మూట కడతన్నావేట్రా? నువ్వెల్లేది రేపు కదా."

"రేపు మరిచిపోతే నువ్వొచ్చి ఇస్తావేటి?" అని నవ్వి, "అయినా నీకేటమ్మా, బంద్ అంటే సెలవు. మాకు ఆ రోజు మీ మిషనే పెద్ద ఆఫీసరు," అన్నాడు.

"అదేట్రా?"

"సేఫ్టీ బాబు బరాసత్ నించి రాలేడు గదా. రోజూ అయితే డేంజర్ డబ్బా ఎక్కడ పెట్టాలో ఆయన సూసి సంతకం ఎడతాడు. బంద్ నాడు సంతకం ఉండదు. మిషన్ ఏ గచ్చంటే ఆ గచ్చు మీద దింపీడమే. ఎప్పటినించో ఇంతే. నీకు తెల్దేటి?"

నాకు తెలియదు. సంతకం అడగకుండా చోటు చెప్పే ప్రోగ్రాము మేము మార్చిన వాటిలో లేదు. కడుతున్న డబ్బా అక్కడే వదిలి ఆఫీసుకి బయల్దేరాను. "మూత ఎవరెడతారప్పా?" అని వాడు వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు.

ఏ కంటైనరు ఎక్కడ దింపాలో చెప్పే జాబితా తీసేది మెషిన్ రూమ్ వాళ్ళు. ప్రోగ్రాముల వైపువాళ్ళం మేము వేరు, యంత్రం నడిపే ఆపరేటర్లు వేరు. యూనియన్లు కూడా వేరు. ఎనభైల్లో కంప్యూటరు వద్దని గేటు దగ్గర జెండాలు పాతిన రోజుల నుంచీ రెండు వైపులకీ పెద్దగా మాటల్లేవు. షిఫ్టు ఆపరేటరు నితాయ్-దా ఒక్కడే నాతో టీ తాగేవాడు. బంద్ ప్రోగ్రాము ఏదని అడిగాను.

"వేరే ప్రోగ్రామెక్కడిది, దీదీ? మీ యార్డు ప్రోగ్రామే. తలలో ఒక మాట కలిపి మళ్ళీ కంపైల్ చేస్తాం. బంద్ అయిపోయాక ఆ మాట తీసేస్తాం. మీవాళ్ళే ఎప్పుడో అలా కట్టి ఇచ్చి పోయారు."

కంపైల్ అంటే ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చడం. ఆయన కలిపే మాట పరీక్ష మాట. అది కలిపితే డి వరుసలు లేస్తాయి. వెనకటి ప్రోగ్రామరు ఎవరో, బంద్ రోజుకి వేరే ప్రోగ్రాము మంజూరు చేయించుకునే గొడవ లేకుండా, పరీక్ష వరుసల్లో బంద్ రోజు పని దాచాడు. నితాయ్-దాకి ఏ మాట కలపాలో తెలుసు, దాంతో ఏం లేస్తుందో తెలియదు. మాకు డి వరుసలంటే ఏమిటో తెలుసు, వాటిని ఎవరైనా లేపుతున్నారని తెలియదు.

శర్మిష్ఠ నేరుగా ప్రోగ్రాము తెరిచింది. ఏడో గడిలో డి ఉంది. పక్కనే, గుర్తు డబ్ల్యూ అయితే కప్పున్న షెడ్డు, కాకపోతే ఆరుబయట గచ్చు అని ఉంది.

"కీ సర్వనాశ్! దీదీ, బంద్ నాటి ఓడలో 4.3 సరుకుందా?"

రాబోయే సరుకు జాబితా నేనప్పటికే చూశాను. ఉంది.

మేనేజరు మొదట గట్టిగా కేకలేశారు. సంతకం పెట్టింది ఆయన కదా. తర్వాత ఈ ఒక్క జాబితాను చేత్తో రాయిద్దాం, సేఫ్టీ బాబును ఫోన్లో అడుగుదాం, మిగతాది బంద్ తర్వాత చూద్దామన్నారు. శర్మిష్ఠ ఒప్పుకోలేదు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో తెలియకుండా ఏ జాబితా చేత్తో రాయాలో ఎలా తెలుస్తుందని నిదానంగా అడిగింది. ఆయన మళ్ళీ ఇండెక్సు కట్టమన్నారు.

ఈసారి ఏ వరుసనూ పారేయలేదు. ప్రతి వరుసకీ మామూలుదా, చుక్కదా, డి వరుసా అనే గుర్తు ఇండెక్సులోనే తగిలించాం. వెతికేవాళ్ళకి ఇష్టమైతే ఒక రకాన్ని పక్కన పెట్టుకోవచ్చు, కానీ అది లోపలే ఉంటుంది. ఇండెక్సు కట్టడం సాయంత్రానికి పూర్తయింది. డబ్ల్యూ అని అడిగితే యార్డు ప్రోగ్రాముతో పాటు గేటు పాసు ప్రోగ్రాము కూడా తేలింది. దాన్ని మాలో ఎవరూ అనుమానించలేదు. రెండూ మార్చి మర్నాడు పొద్దున్నే నితాయ్-దా దగ్గరికి తీసుకెళ్ళాం. మేనేజరు సంతకం చేసిన చీటీ లేకుండా ప్రోగ్రాము తీసుకోకూడదని వాళ్ళ యూనియన్ నియమం.

"చీటీ ఏది?"

"మేనేజరు టేబుల్ మీద ఉంది, వస్తుంది," అంది శర్మిష్ఠ.

"అయితే యూనియన్ తరఫున గొడవ బంద్ అయ్యాక పెడతాను. ముందు ఇటివ్వండి," అని చెయ్యి చాపాడు. మధ్యాహ్నానికి జాబితా వచ్చింది. 4.3 ఎదురుగా కప్పున్న షెడ్డు అని ఉంది. దానియేలు చాప తీసుకుని యార్డుకి వెళ్ళాడు.

బంద్ నాడు రోజంతా వాన. ఖిదిర్‌పూర్‌లో మా సందు మోకాలి లోతు నీళ్ళలో ఉంది. మర్నాడు దానియేలు తడిసిన చాపతో ఇంటికొచ్చాడు.

"ఏటప్పా, ఈ తడవ మీ మిషన్‌కి ఏటైపోనాదేటి? రెండు డబ్బాలు ఆ మూల షెడ్డు దాకా మోయించీసినాది. క్రేను బాబు ఒకటే తిట్లు."

"తిట్టనీలే, నీళ్ళు పోసుకుని రా," అన్నాను.

నితాయ్-దా అన్నమాట ప్రకారం చీటీ గురించి గొడవ పెట్టాడు. దాని ఫలితంగా మెషిన్ రూమ్ వాళ్ళు కంపైల్ చేసేటప్పుడు మార్చే మాటలన్నీ ప్రోగ్రాముల వైపు కూడా తెలియాలని కొత్త నియమం వచ్చింది.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. వెతికే ఇంజను దొరకలేదని చెబితే, మనం చూడమన్న చోట లేదని మాత్రమే దాని అర్థం. వద్దన్న చోట ఉందో లేదో అది చెప్పదు. ఏది వద్దనాలో తేల్చేముందు ప్రోగ్రాము రాసేవాళ్ళను అడిగితే చాలదు, నడిపేవాళ్ళను కూడా అడగాలి. ఆ తర్వాత శర్మిష్ఠ ఇంజనుకి ఇంకొకటి చేర్చింది. ప్రతి జవాబు కిందా, ఈ వెతుకులాటలో పక్కన పెట్టిన వరుసలు ఇన్ని అని చూపిస్తుంది. నేను రిటైరయ్యే దాకా ముందు ఆ చివరి వరుస చదివి, తర్వాతే జవాబు చదివేదాన్ని.