శాలువాలకే సరిపోయిన సభ

నా భార్య పాఠాలు చెప్పిన ఇంజినీరింగ్ కాలేజీలో పరిశోధన ప్రసంగాలకు ఈ రోజు ఆఖరి రోజు. కల్లంలో మిరపకాయలు బూజు పట్టకుండా ఆరబెట్టే యంత్రం ఆమె చివరి పని. ఆమె పోయాక దాన్ని పూర్తి చేసిన విద్యార్థిని షాహీన్ ఈ రోజు దాని గురించి మాట్లాడాలి. అతిథులకు శాలువాలు కప్పడంతోనే పొద్దుటి పూటంతా గడిచిపోయింది. ఆఖరికి సభ నడిపే లెక్చరర్ నన్నూ స్టేజీ మీదకు పిలిచాడు.

"నాకొద్దండీ. ఆ టైమేదో షాహీన్‌కివ్వండి" అన్నాను.

"అదెలా కుదురుద్ది సార్? మేడమ్ గారి గుర్తుగా తెప్పించాం. ఒక్క ఫొటో దిగండి!"

దిగాను. షాహీన్ రెండో స్లైడుకు రాగానే భోజనాలన్నారు. హాలు ఖాళీ అయింది.

మీరు వెళ్లే సభలూ ఇంతేనా?

రేపు పొద్దున్నే డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి, షాహీన్ ఎదురుగా కూర్చుని, ఆ ప్రసంగం మొత్తం వింటాను.