ర్యాంకు లేని ఫ్లెక్సీ

మా కెమిస్ట్రీ సార్ పోయారని మొన్న పొద్దున నాన్న ఫోన్ చేశారు. "నీకు పూచీ పడ్డ మనిషమ్మా," అన్నారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన పాఠం చెప్పిన కోచింగ్ సెంటర్‌లో ల్యాబ్ అన్న మాటే లేదు. సార్ టిఫిన్ డబ్బాలో పసుపూ సున్నమూ తెచ్చి టేబుల్ మీద కలిపేవారు. ఎర్రబడేది. "ముందు చూడుండ్రి, పేరు తర్వాత చెప్త," అనేవారు. సిలబస్ వెనకబడుతోందని యాజమాన్యం సణిగేది. మాకు మాత్రం ఆ గంట ఇట్టే అయిపోయేది.

ఇంజనీరింగ్ సీటొచ్చాక, నేను కెమిస్ట్రీయే చదువుతానని మంకుపట్టు పట్టాను. ఇంట్లో ఒకటే గోల. సంగతి తెలిసి సార్ మూసారాంబాగ్‌లోని మా ఇంటికొచ్చారు.

"చేతికొచ్చిన సీటు వదిలేసి బీఎస్సీ ఏంటండీ మాస్టారూ? రేపు దీని గతేంటి?" అన్నారు నాన్న. ఉద్యోగం కోసం గుంటూరు వదిలొచ్చిన మనిషి, ఆయన భయం ఆయనది.

"పరేషాన్ కాకుండ్రి సార్. పసుపు ఎందుకు ఎర్రగైతదని క్లాసు అయినంక గూడ నా ఎంట పడేది గీ పిల్లొక్కతే. ఈమెకు నేను పూచీ."

ఆ పూచీ ఏళ్ళ తరబడి మోశారు పాపం. "ఇంకా చదువుతూనే ఉందండీ," అని కనబడినప్పుడల్లా నాన్న నిష్ఠూరమాడేవారు. "చదవనీండ్రి," అని సార్ నవ్వేవారు. అన్ని ర్యాంకుల మధ్య నా ప్రశ్నను చూసిన మనిషి ఆయనొక్కరే. ఆయన లేరంటే ఏడుపొస్తోంది.

పోయినేడు రసాయన, భౌతిక శాస్త్రాల్లో యువ పరిశోధకులకిచ్చే జాతీయ పురస్కారం నాకొచ్చింది. బోరు నీళ్ళలోని ఫ్లోరైడును పట్టే పదార్థం మీద నా పని. సార్‌ది నల్లగొండ పక్క పల్లె. ఆ నీళ్ళకు గారపట్టిన పళ్ళే ఆయనవి. ఫోన్లో విషయం చెబితే, "నీ ఫోటో ఒకటి పంపు," అన్నారు.

ఎల్బీనగర్‌లో తన ఇంటి దగ్గరి బస్టాపు పక్కన ఫ్లెక్సీ కట్టించారు. ఫ్లెక్సీ షాపతని చేతికి అలవాటైనది ఒకటే. నా ఫోటో పక్కన "ఆలిండియా ఫస్ట్ ర్యాంక్" అని అచ్చేశాడు. నాన్నకు తెగ నచ్చింది. సార్‌కు ఒళ్ళు మండింది. స్టూలెక్కి ఆ అక్షరాల మీద తెల్ల కాగితం అంటించారు. నేను కింద స్టూలు పట్టుకుని నవ్వాపుకుంటున్నాను.

నల్లగొండ బస్సు కోసం నిలబడ్డ ఒకామె అడిగింది. "ఏం ర్యాంకొచ్చింది సార్ గీ పిల్లకు?"

"ర్యాంకు లేదమ్మా. మన బోరు నీళ్ళల్ల పండ్లను, బొక్కలను ఖరాబు చేసేది ఉంటది చూడు, దాన్ని పట్టే మందు కనిపెట్టింది."

బస్సొచ్చింది. కండక్టర్ కేకేశాడు. ఆమె సంచీ కింద పెట్టి, సార్ వైపు తిరిగింది.

"అది ఎట్ల పడతది సార్?"