మూడోసారి కొట్టండి

మా ఊరి మిషన్ స్కూల్లో తెలుగు చెప్పిన టీచరమ్మ మొన్న శనివారం తెల్లవారుతూనే పోయినారు. చర్చి గంట మోగలేదు గనక ఊరు విడిచిపోయిన మీలో చాలామందికి ఈ మాట చేరుండదు. అందుకే రాస్తున్నాను.

నేను వడ్రంగిని. బైబిలు కాలేజీ మెట్లెక్కినవాణ్ణి కాదు. అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుని, సందుల్లో మైకు పెట్టి వాక్యం చెప్పుకునేవాణ్ణి. ఆమె కోవూరు వైపు వరి పండించే హిందువుల ఇంటి బిడ్డ. మా సముద్రపొడ్డుకు ఉద్యోగానికి వచ్చి, రిటైరైనాక కూడా స్కూలు వెనక అద్దె ఇంట్లోనే ఉండిపోయినారు. పగలంతా ఆ ఇంటి తలుపు బార్లా తీసే ఉండేది. చర్చికి ఒక్కనాడూ రాలేదు. అయినా క్రిస్మస్ అంటే ఏందో మా పిల్లలకు ఆమె చెప్పినట్టు ఏ పాస్టరూ చెప్పలేదు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. తుడిచేయను.

డిసెంబరు రాగానే ఏడో తరగతికి ఒక పాత క్రిస్మస్ నవల చెప్పేవారు. ఎక్కడో మంచు దేశంలో పుట్టి తెలుగులోకి వచ్చిన పుస్తకం. పండగ ముందు రాత్రి ఒక తల్లి బిడ్డనెత్తుకుని, తల దాచుకునే చోటు కోసం ఊరంతా తలుపులు కొడుతుంది. అదీ కథ. మంచు అంటే మా పిల్లలకు తెలిసింది చేపల పెట్టెల్లో వేసే ఐసే. ఆమె ఆ ఐసే తెప్పించి తలా ఒక ముక్క చేతిలో పెట్టేవారు.

"టీచర్, చెయ్యి పీకతా ఉంది!"

"పీకనీ. ఇప్పుడు చదువు, ఆ తల్లి యాడ నిలబడుందో."

ఒక ఏడు నన్ను పిలిపించినారు. "అన్నా, నాకొక తలుపు కావాల. గోడ వద్దు, తలుపు చాలు." పాత పడవ చెక్కలతో చేసి, కింద కాళ్ళు బిగించి, క్లాసు మధ్యలో నిలబెట్టినాను. సగం మంది బయట నిలబడి కొట్టాల. సగం మంది లోపల నిలబడి, తీయకుండా ఉండేదానికి సాకు చెప్పాల. తర్వాత లోపలివాళ్ళు బయటికి రావాల. నా కూతురు ఆ క్లాసులోనే ఉంది. దాని వంతు రాగానే లోపల్నుంచి అరిచింది: "ఇంట్లో ఎవరూ లేరు!"

"ఎవరూ లేకపోతే ఆ అరిచిందెవరే, దయ్యమా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. నవ్వు ఆగినాక టీచరమ్మ చెప్పిన మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "మొదటిసారి కొడితే వాళ్ళకు వినపడదు. రెండోసారి వినపడనట్టు ఉంటారు. మూడోసారి కొట్టండి. తీస్తారని కాదు. వినపడలేదని చెప్పుకునే దారి వాళ్ళకు మిగలకూడదు."

ఇంతకు మించిన ప్రసంగం నేను ఇంతవరకు చెప్పలేదు.

మా ఊళ్ళో క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్ బృందం కాగితం స్టారు పట్టుకుని ఇంటింటికీ పోతుంది. ఒక్క ఇల్లు మాత్రం దాటిపోతుంది. మొగుడు వదిలేసి పోతే ఇంకొకరితో బతుకుతున్నదని సంఘం వెలివేసిన ఒక అక్క ఇల్లది. ఆ ఏడాది బృందం డ్రమ్ములు ముందుకు పోయినాయి, ఏడో తరగతి పిల్లలు మాత్రం ఆ తలుపు ముందు నుంచి కదల్లేదు. కొట్టినారు. మళ్ళీ కొట్టినారు. మూడోసారికి ఆ అక్క తలుపు తీసి, స్టారు చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్లలు పాడినారు.

మా సంఘపెద్దే స్కూలు కరస్పాండెంటు. మర్నాడే టీచరమ్మను పిలిపించినారు. తలుపు మోసుకుపొమ్మని నన్నూ పిలిచినారు గనక విన్నాను.

"పరీక్షలో రాని పుస్తకం ఎందుకమ్మా? మా పండగ మీరా మాకు నేర్పేది?"

"పండగ మీదేనండీ. పిల్లలు కొట్టిన తలుపును మీరెందుకు దాటిపోయినారనే నేను అడిగేది."

నేను మోయనన్నాను. వేరేవాళ్ళు మోసినారు. చర్చిలో అందరికీ పెట్టే ఆ క్రిస్మస్ ప్రేమవిందులో బిరియానీ గుండిగ కింద మండింది ఆ పడవ చెక్కలే. ప్రేమవిందంట! నేను విస్తరి ముందు కూర్చోలేదు.

తర్వాత రిటైరయ్యేదాకా డిసెంబరంతా ఆమె సంధులూ సమాసాలే చెప్పినారు. శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు మాత్రం పిల్లల్ని బయటికి వదిలి, "అంత పైకి పోతున్నారు చూడండి. మనం పక్కింటికి పోలేమా?" అనేవారు. "ఊరుకున్నారేం టీచరమ్మా?" అని నేనొకసారి మండిపడితే, "ఊరుకోలేదన్నా. పిల్లలు పెద్దోళ్ళవుతారు గదా" అన్నారు.

మిషన్ స్కూల్లో పనిచేసినవాళ్ళు ఎవరు పోయినా, ఏ మతమైనా, చర్చి గంట కొట్టడం మా ఊరి ఆనవాయితీ. గంట వింటేనే ఊరు కదులుతుంది. మొన్న వానలో పోయి సంఘపెద్దను అడిగినాను.

"బాప్తిస్మం లేని మనిషికి గంటేంది?"

"మన స్కూలు వాచ్‌మన్ సాయిబుకు కొట్టినారే అయ్యా?"

"అది వేరే."

బైబిలు తెరిచి, దెబ్బలు తిని దారిలో పడినవాణ్ణి దాటిపోయిన గుడి పెద్దలెవరో, ఆగిన పరాయివాడెవరో చదివినాను.

"నాకే చదివి వినిపిస్తావా వడ్రంగీ?"

"మనం మొక్కే యేసయ్యా వడ్రంగే గదయ్యా."

గంట తాడు పైకి చుట్టి, గదికి తాళం వేయించినారు.

ఆమె తమ్ముడు మధ్యాహ్నానికి కోవూరు తీసుకుపోయి పెన్న ఒడ్డున దహనం చేయాలని తొందరపడుతున్నాడు. వాకిట్లో నలుగురైదుగురమే ఉన్నాం. తడ దగ్గర కంపెనీలో పనిచేసే నా కూతురు, దాని క్లాసువాళ్ళు కొందరు తడుస్తా వచ్చినారు. గంట సంగతి చెప్పినాను. "గంట లేకపోతే మనకు చేతుల్లేవా నాన్నా?" అనింది.

వీధి వీధంతా తలుపులు కొట్టినారు. "టీచరమ్మ పోయినారు, రండి." ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. అందరికన్నా ముందు వచ్చి టీచరమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నది సంఘం వెలివేసిన ఆ అక్కే.

చివరికి సంఘపెద్ద ఇల్లు. గుమ్మంలో ఆయన చెప్పులు, తడి ఇసుకతో. లోపల టీవీ మోగుతా ఉంది. నా కూతురు కొట్టింది. మళ్ళీ కొట్టింది. టీవీ ఆగింది. మూడోసారి కొట్టింది.

లోపల్నుంచి ఆయన భార్య గొంతు: "ఇంట్లో ఎవరూ లేరమ్మా."

వానలో నిలబడిన ఆ పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. తిరిగి టీచరమ్మ ఇంటికి నడిచినారు. ఆ టేకు తలుపు మీద, నా బిడ్డ వేళ్ళ కణుపులు తగిలిన చోట, మూడు తడి మచ్చలు మిగిలినాయి.