గోడకు చెప్పిన జవాబులు

మా కొండలోయలో, నారిన్ నది ఒడ్డున ఓ చిన్న ఆసుపత్రి. అక్కడి గుండె జబ్బుల వార్డులో రోగులను ప్రశ్నలడిగే పని నర్సు బురుల్చాది. ఈ నెలలో ఏదీ మీ చేతుల్లో లేదనిపించిందా? కష్టాలు మోయలేనంతగా పేరుకున్నాయనిపించిందా? అసలు లేదంటే సున్నా, అస్తమానం అంటే నాలుగు. అన్నీ కూడితే, మనిషికి తన బతుకు ఎంత బరువుగా తోస్తోందో తెలుస్తుంది.

జూరాకాన్ అవ్వకు సున్నా వచ్చింది. ఏమడిగినా "దేవుడి దయ, బాగానే ఉన్నా తల్లీ" అనేసింది. మావాళ్లంతే. ఇల్లు కాలిపోతున్నా సరే, పలకరిస్తే ముందు బాగున్నామనే అంటారు, నీళ్లు ఆ తర్వాత అడుగుతారు.

డాక్టరు మెదెర్బెక్ మురిసిపోయాడు. "రాయిలాంటి మనిషి. రేపు ఇంటికి పంపేద్దాం."

బురుల్చాకు మింగుడు పడలేదు. మొన్న వసంతంలో కొడుకును మట్టిచేసిన తల్లికి సున్నా ఏమిటి? ఇలాగే పంపితే మళ్లీ గుండెపోటుతో వస్తుంది, లేదా అసలే రాదు.

లోయలో ఎవరు పోయినా కోషోక్ పాడడానికి జూరాకాన్‌నే పిలిచేవారు. చావింటి గుడారంలో, గుమ్మానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి పాడే శోకం అది. పోయినవాళ్ల పేర ఏడాది విందు పెట్టేదాకా పాడొచ్చు, ఆ తర్వాత కూడదు. మా ఆడవాళ్లు నోటితో చెప్పుకోనిదంతా అందులోనే చెప్పుకుంటారు.

ఆ మధ్యాహ్నం బురుల్చా ముసలమ్మ కుర్చీని గోడవైపు తిప్పేసింది.

"ఏందే పిల్లా, మూలకు తిప్పావు? అల్లరి చేశానా?"

"పొద్దుటి ప్రశ్నలే అవ్వా. ఈసారి నాకు చెప్పొద్దు, గోడకు చెప్పు."

మొదటి ప్రశ్న చదివింది. ముసలమ్మ గోడకేసి చూస్తూ తలగుడ్డ సవరించుకుంది. తర్వాత సన్నగా రాగం లేచింది.

"పరాయి బిడ్డల్ని పాడి పంపితినే, నా బిడ్డ వంతుకు నా నోరు మూసిరే. గుండె జబ్బుదానివి, ఏడిస్తే పోతావని పక్కింట్లో కూర్చోబెట్టిరే. నా కొడుక్కు ఎవరో పాడుతుంటే తలుపు చాటున వింటినే, నా తండ్రీ..."

పక్క మంచాలవాళ్లు టీ గిన్నెలు కింద పెట్టేశారు. నాడి తడబడుతుందేమోనని బురుల్చా ముసలమ్మ మణికట్టు పట్టుకునే ఉంది. పాట సాగేకొద్దీ నాడి నెమ్మదించింది. ఇంత దుఃఖాన్ని ఆ చెడిపోయిన గుండె ఇన్నాళ్లూ ఎలా మోసిందో బురుల్చా ఊహకు ఎంతకీ అందలేదు. మిగతా ప్రశ్నలు అడగడమే మరిచిపోయింది.

పాట ఆగాక చూస్తే గుమ్మంలో డాక్టరు నిలబడి ఉన్నాడు. ముసలమ్మను ఏడవనివ్వొద్దని ఇంటివాళ్లకు గట్టిగా చెప్పింది ఆయనే.

"తప్పు నాది అవ్వా. మీవాళ్లతో నేను మాట్లాడతాను. ఏడాది విందు అయిపోయిందా?"

ముసలమ్మ తలగుడ్డ అంచుతో కళ్లు తుడుచుకుంది.

"మంచు కరిగాక నాయనా. అందాకా నా బిడ్డకు నేనే పాడుకోవచ్చు."