తాతగారి పైపూ, నాయనమ్మ తలపిన్నూ

నిన్న రాజమండ్రిలో ఒక కొట్టులో పొగాకు పైపు శుభ్రం చేసుకునే సరంజామా కనిపించింది. మసి గీకడానికి చిన్న కత్తి, గొట్టంలో దూర్చడానికి కుచ్చుతీగ. మా తాతగారికి ఇవేవీ లేవు. చీపురుపుల్ల పెడితే లోపలే విరిగేది, గొడుగు ఊచ దూరేది కాదు. చివరికి ఆయనకు నచ్చింది నాయనమ్మ తలపిన్ను. మీ ఇళ్లలోనూ ఉండేవి కదా, ఆ పొడుగాటి నల్ల పిన్నులు!

మా అత్త పెళ్లిచూపుల రోజున తాతగారు పైపు గీకి, పిన్ను తుడవకుండా అద్దం దగ్గర పెట్టేశారు. నాయనమ్మ చూసుకోకుండా కొప్పులో గుచ్చుకుంది. కొవ్వూరు నుంచి వచ్చిన పెళ్లికొడుకు బామ్మగారు పక్కన కూర్చోగానే ముక్కు ఎగబీల్చారు.

"పొగాకు వాసనేంటండీ?"

"అబ్బే, అది మావారి..." అంటూ నాయనమ్మ తాతగారి వైపు గుడ్లురిమి చూసింది. ఇక సంబంధం పోయినట్టేనని అత్త తల వంచేసుకుంది.

బామ్మగారు నాయనమ్మ చెవిలో చెప్పిన మాట, ఆవిడ ఒళ్లో ఉన్న నాకూ వినబడింది.

"దాచడమెందుకమ్మా, మీకూ అలవాటేనా? ఒక చుట్ట ఉంటే ఇప్పించండి. పొద్దున్నుంచీ మావాళ్లు ముట్టుకోనివ్వలేదు!"

నాయనమ్మ చెప్పగానే తాతగారు పక్కింటికి పరుగెత్తి చుట్టలు తెచ్చారు. పెళ్లికొడుకు మా అత్తను సరిగ్గా చూశాడో లేదో గానీ, బామ్మగారు మాత్రం పెరట్లో పొగ వదులుతూ సంబంధం ఖాయం చేసేశారు.