చెల్లెలి చెవులు మూసిన సాయంత్రం

మొన్న బడికి కళ్లు చూసేవాళ్లు వస్తారని తెలిసి మా కోడలు మనవరాలిని ఇంట్లోనే ఆపేసింది. ఉచితమని చెప్పి వచ్చి, లేని జబ్బు అంటగట్టి, ఊళ్లో పిల్లలందరికీ అద్దాలు తగిలించి పోతారని ఫోనులో ఎవరో చెప్పినారంట. చేపలకు పొలుసు గీస్తా ఆ మాట విని నవ్వబోయి, ఆగిపోయినాను. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన అమ్మానాయనలు ఇంతకు రెండింతలు అనుమానించినవాళ్లే గదా.

మాది పులికాటు చెరువు ఒడ్డున పల్లె. నా చిన్నతనంలో బడి ముందర మొదటిసారి కళ్లవాళ్ల జీపు ఆగినప్పుడు తల్లులు బిడ్డల్ని వలల పాకల్లో దాచిపెట్టినారు. కళ్లు పీక్కుపోతారని కొందరు, చుక్కలేసి చూపు మసక చేసి ఆనక అద్దాలు అమ్ముకుంటారని మా అవ్వ. చుక్కలేసిన పిల్లలు నిజంగానే ఆ పూటంతా మసక మసక అంటా కళ్లు చికిలించుకుని తిరిగేసరికి, అవ్వ మాటకు ఇంక తిరుగు లేకుండా పోయింది.

మా చెల్లెలు మాత్రం దొరికిపోయింది. దూరంచూపు బాగా తక్కువగా ఉంది, గూడూరు తీసుకొచ్చి అద్దాలు పెట్టించకపోతే బిడ్డకు కష్టమని కళ్లు చూసే అమ్మగారు ఇంటికే వచ్చి చెప్పేసరికి నాయనకు ఒళ్లు మండింది. ఎందుకంటే, పొద్దువాలేటప్పుడు ఒడ్డున ఆడుకునే పిల్లల్ని పిలిచి, వచ్చే పడవ ఎవరిదో చెప్పమనడం మా పల్లెలో వాడుక, మాకు తెలిసిన కంటిపరీక్ష అదొక్కటే, అందులో అందరికన్నా ముందు చెప్పేది మా చెల్లెలే.

“అక్షరాలు రాని బిడ్డకు అక్షరాలు చూపించి గుడ్డిదంటారా? రేవుకు రాండమ్మా, ఎవరికి కనపడదో తేల్చుకుందాం” అన్నాడు నాయన.

పల్లెంతా రేవులో చేరింది. చెల్లెలు పెదనాయన పడవ, మామ పడవ అని వరసగా చెప్పేస్తుంటే ఈలలే ఈలలు. ఆ అమ్మగారి ముక్కు మీద అద్దాలు చూసి మా అత్త, “ఆమెకే ఇంకో జత తగిలించండయ్యా!” అని అరిచింది.

ఆమె కోప్పడలేదు. ఈసారి బిడ్డ చెవులు మూసి చూడమంది. ఆమెను తాకనియ్యకుండా నాయనే వెనక నిలబడి తన అరచేతులతో మూసినాడు. చిన్నాయన పడవ వస్తా ఉంది. గడకర్ర పడవ అంచుకు తగిలే చప్పుడు, ఆయన దగ్గు మాకందరికీ వినపడతానే ఉన్నాయి, తెరచాప మీది ఎర్ర అతుకు కూడా కనపడతా ఉంది.

చెల్లెలు తల పైకెత్తి అడిగింది: “పడవ వస్తా ఉందా నాయనా?”

నాయన చేతులు ఆ చెవుల మీదే ఉండిపోయినాయి.

మర్నాడే గూడూరు బస్సెక్కించినాడు. అద్దాలు వచ్చినాక కూడా అనుమానం చావక, ముందు తాను పెట్టుకుని, కళ్లకేమీ కాలేదని చూసుకున్నాకే చెల్లెలికి ఇచ్చినాడు. ఇంటికొచ్చి ఒడ్డున నిలబడి, నీళ్ల మీద ఎప్పుడూ తెల్లగా మసకగా ఉండేది పక్షుల గుంపా అని అది అడిగితే, నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆయన పోయేదాకా డాక్టర్లను నమ్మలేదు. నమ్మకపోయినా వాళ్లను పదిమందిలోకి పిలిచి, తన చేతులతో తేల్చుకున్నాడు. ఇప్పుడు పడవలన్నిటికీ ఇంజన్లే, అన్నిటిదీ ఒకటే మోత, ఎవరిదో చెప్పమని పిల్లల్ని అడిగే పెద్దలూ రేవులో లేరు. అనుమానాలు మాత్రం అట్టే ఉన్నాయి, ఎవరింట్లో వాళ్లవి, తలుపులు మూసుకుని. బిడ్డకు ఎంత దూరం కనపడతా ఉందో, ఆ ఒక్కటే ఎవరూ అడగడం లేదు.