సొరంగం రైలెక్కిన ఇందుమతి

దసమంతపూర్‌లో ఏడో నెలకే పుట్టిన పరజా గిరిజనుల బిడ్డను బతికించడం మా ఇందుమతి కష్టపడి సాధించిన మొదటి విజయం. చలికాలం. బిడ్డ పిడికెడుంది. ఇందుమతి ఆ పసిదాన్ని చీరతో తన గుండెలకు కట్టుకుని, తల్లితో వంతులేసుకుని, దూదితో పాలచుక్కలు పట్టి నిలబెట్టింది. ఆ పిల్ల ఇప్పుడు మేకల వెంట పరుగెడుతోంది.

తర్వాత పుట్టిన అలాంటి బిడ్డలు కొందరు దక్కలేదు. వట్టి ఓపికతో అయ్యే పని కాదిది, నేర్చుకోవాలి అంది మన కొరాపుట్ ఆసుపత్రి డాక్టరమ్మ. అందుకే మొన్న జూన్‌లో ఇందుమతిని నాలుగు నెలల శిక్షణకు కలకత్తా పంపింది.

నేను ఇందుమతికి పెదనాన్నని, అమృతరావుని. పల్లెబడిలో ఐదో తరగతి చదివి కలెక్టరాఫీసులో జమేదారుగా మచ్చ లేకుండా రిటైరయ్యాను. మన చర్చి గుడికి రేకుల కప్పు సంఘపెద్దగా నా హయాంలోనే పడింది. తమ్ముడు ఆశీర్వాదం పోయాక అతని కూతుర్ని చదివించి నర్సును చేశాను. మా ఇంట్లో మెట్రిక్ దాటిన మొదటి ఆడపిల్ల ఆమే. కలకత్తాలో దిగబెట్టడానికి వెంట వెళ్ళింది కూడా నేనే కాబట్టి, సంఘస్థులు అడుగుతున్న సంగతి నేనే రాయాలి.

మాకు బస ధరమ్‌తల్లా దగ్గర క్రైస్తవ హాస్టలులో దొరికింది. ఆసుపత్రి భవానీపూర్ దాటాక ఉంది. మొదటి రెండు రోజులూ బస్సు ఎక్కలేకపోయాం. అక్కడ బస్సు ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. రెండు రోజులూ ఆలస్యమైంది. అక్కడ శిక్షణ చూసే మేట్రన్ గట్టిగా ఏమీ అనలేదు. మూడో రోజు కూడా ఇలాగే వస్తే ఊరికి టిక్కెట్టు కొనుక్కోమంది. ఇందుమతి పోతే ఆ చోటు మరొకరికి ఇచ్చేస్తారు. మన ఆసుపత్రిని మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు.

భూమి కింద కొత్త రైలు ఆసుపత్రి పక్కగానే పోతుందని హాస్టలు వాళ్ళు చెప్పారు. కాని ఇందుమతికి సొరంగమంటే చచ్చేంత భయం. ఎనిమిదేళ్ళప్పుడు విశాఖపట్నం వెళుతుంటే మన కొండ రైలు సొరంగంలో ఆగిపోయింది. డీజిలు పొగ పెట్టెనిండా కమ్మి, పిల్ల తల్లి ఒళ్ళోనే స్పృహ తప్పింది. ఆనాటి నుంచి ఎంత దూరమైనా కొండదారిన పోయే ఘాటీ బస్సులోనే తిరిగింది.

మూడో రోజు ఇందుమతి ఎస్ప్లనేడ్ స్టేషనులోకి దిగే మెట్ల దగ్గర ఆగిపోయింది.

"నాను రాను పెదనాన్నా. బస్సుకెల్దాం."

"నిన్న బస్సు నీకోసం ఆగిందేటే?"

"పోనీ నువ్వెల్లి ఎలాగుందో సూసొచ్చి సెప్పు."

"నానెల్తే నీ హాజరు నాకేస్తారేటి? నడు అమ్మి."

దిగింది. రైలు కదలగానే కళ్ళు మూసుకుని, మన లైనులో అందరం చేసినట్టే పమిటచెంగు ముక్కుకు అదిమిపెట్టింది. నా చెయ్యి కూడా అలవాటుగా కిటికీ రెక్క కోసం వెతికింది. బండి ఆగినప్పుడల్లా నా మోచెయ్యి పట్టుకుని ప్రార్థన అందుకునేది. మేం దిగాల్సిన జతిన్ దాస్ పార్క్ వచ్చింది.

"లెగు అమ్మి, దిగాల," అన్నాను.

"సొరంగం అవ్వందే ఎలాగ దిగుతాం?" అంది కళ్ళు తెరవకుండానే.

ఆమె తప్పు కాదు. సొరంగంలో బండి ఆగితే ఎవరూ దిగకూడదని చిన్నప్పటి నుంచి మేమే చెప్పి పెంచాం. లేవదీసేలోగా తలుపులు వాటంతట అవే మూసుకున్నాయి.

తర్వాతి స్టేషన్లలోనూ ఆమె లేవలేదు. చివరికి ఎండ కనిపించింది. అది టాలీగంజ్, ఆఖరి స్టేషను. ఇందుమతి కళ్ళు తెరిచి, సంగతి తెలిసి, ప్లాట్‌ఫారం మీద కూలబడి ఏడ్చింది. "అయిపోనాది పెదనాన్నా. ఇంటికి ఎల్లిపోదాం."

మా ఎదురుగా కూర్చుని వచ్చిన బెంగాలీ ఆమె మా దగ్గరికి వచ్చింది. పేరు బాసంతి, అక్కడే బట్టల కొట్లో పని. ఒడియా తెలిసిన మాకు ఆ భాష సగం అర్థమవుతుంది. జరిగింది చెప్పాను. ఆమె వెనక్కి వెళ్ళే బండి చూపించింది.

"బస్సు లేదా దీదీ?" అంది ఇందుమతి.

"ఉంది. ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరతావు," అంది బాసంతి. "పద, నేనూ వస్తాను."

"మీ కొట్టుకు ఆలస్యం కాదా?"

"మా యజమాని రోజూ తిడతాడు. ఇవాళ ఒక కారణం ఉంటుంది, పాపం."

ఇందుమతి కొంతసేపు ఆ సొరంగం నోటికేసి చూసింది. నేను బలవంతం చెయ్యలేదు. తనే లేచి బండెక్కింది. బాసంతి పక్కన కూర్చుని, చెంగు తియ్యమని సైగ చేసి, ఎదురుగా నిద్రపోతున్న గుమాస్తాను చూపించింది. అతను ఆ సొరంగంలోనే గురక పెడుతున్నాడు. ఇందుమతి చెంగు కొంచెం దించి, భయపడుతూనే గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"పెదనాన్నా, పొగ లేదు."

"కరెంటు బండికి పొగేటే?"

"మరి ముందే సెప్పొచ్చు కదా."

జతిన్ దాస్ పార్కులో నాకంటే ముందు దిగింది. బాసంతికి దండం పెట్టి మెట్లెక్కి పరుగెత్తింది. మేట్రన్ క్లాసు తలుపు వేయబోతుండగా లోపలికి వెళ్ళింది. ఇంకెప్పుడూ ఆలస్యం కాలేదు.

ఇప్పుడు కేరళ నుంచి కొత్తగా వచ్చిన నర్సులను ఇందుమతే ఆ రైలెక్కిస్తోందట. పరీక్షలో రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం ఎందుకు రాలేదని రాశాను, దానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు. ఆమెను నమ్మి పంపిన డాక్టరమ్మకు, చోటిచ్చిన హాస్టలు వారికి మా కుటుంబం రుణపడి ఉంది. కొట్టుకు ఆలస్యమైనా లెక్కచెయ్యక ముక్కూమొహం తెలియని మన పిల్ల పక్కన కూర్చున్న ఆ బాసంతిని సంఘస్థులు ప్రార్థనలో పేరుపెట్టి తలుచుకోవాలని కోరుతున్నాను.

మన ఆసుపత్రిలో పసిబిడ్డల గదికి సున్నాలు వేశారు. ఇందుమతి విజయనగరంలో బస్సు పట్టకుండా, విశాఖపట్నం వెళ్ళి మన కొండ రైలులోనే వస్తానని రాసింది. కొరాపుట్ స్టేషనులో దిగేది అక్టోబరు నాలుగో తేదీ, శనివారం.